స్వరూపక్కకు అందని ఫోన్

ఒక మాట ఇరవై ఏళ్లకు పైగా నా లోపలే ఉండిపోయింది. గుండె మీద బండరాయిలా ఉండిపోయిందని రాయబోయి ఆగాను. అంత పెద్దది కాదు. చెప్పులో ఇరుక్కున్న ముల్లులాంటిది. నేను నడుస్తూనే ఉన్నాను. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, పెళ్లయింది, నవ్వుతాను, నవ్విస్తాను కూడా. కానీ ఏదో ఒక అడుగు దగ్గర చురుక్కుమనేది. ఆగి, చెప్పు విప్పి చూసుకోవడానికి ధైర్యం చాలక మళ్లీ నడిచేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. చెప్పినా మా గల్లీలో సగం మందికి అది నా పేరని తెలియదు. వాళ్లకు నేను ఫోన్ పోరిని. ఇప్పటికీ అంతే. నలభైకి దగ్గర పడుతున్నా, జుట్టులో తెల్లవెంట్రుకలు కనబడుతున్నా, రెజిమెంటల్ బజార్‌లో అడుగుపెడితే ఎవరో ఒకరు కిటికీలోంచి "ఏందే ఫోన్ పోరీ, మంచిగున్నవా?" అంటారు. ఆ పిలుపు వింటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది.

ఇది ఏడుపు కథ కాదని ముందే చెబుతున్నాను. నా చిన్నతనంలో నేను అన్నిటికంటే సంతోషంగా ఉన్న రోజులివి. తప్పు కూడా ఆ సంతోషం మధ్యలోనే చేశాను. దుఃఖంలో చేసి ఉంటే నన్ను నేను క్షమించుకోవడానికి ఒక దారి ఉండేదేమో.

మాది విజయనగరం వైపు. నాకు పదేళ్లు నిండే వేళకి నాన్నకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. నగరానికి అవతలి కొసన సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనాలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజులు. వాటిలో కంప్యూటర్లకు తీగలు లాగించే ఒక కాంట్రాక్టరు దగ్గర నాన్న సూపర్‌వైజర్. కొన్నాళ్లకు అమ్మకూ పని దొరికింది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు హెడ్‌ఫోన్‌లో వింటూ టైపు చేసే పని. మధ్యాహ్నం వెళ్తే నేను నిద్రపోయాక వచ్చేది. అన్నయ్యను ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కోసం హాస్టల్లో వేశారు. ఇంట్లో ఏ ఇద్దరు కలిసినా వాడి మార్కుల గురించే మాట్లాడేవారు. సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, రెజిమెంటల్ బజార్‌లోని ఒక గల్లీలో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆ రెండు గదుల్లో ఎక్కువసేపు ఉన్నది నేను.

అమ్మానాన్నలు చెడ్డవాళ్లు కారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మరిచిపోయేవాళ్లు, అంతే. హాట్‌ప్యాక్‌లో అన్నం ఉండేది, పక్కన పెరుగు గిన్నె ఉండేది, మనుషులు ఉండేవారు కాదు. బడి డైరీలో నాన్న సంతకం నేనే పెట్టుకునేదాన్ని, అసలు సంతకం కంటే నాదే బాగుండేది. బూట్లు బిగుతయితే మడమ తొక్కి వేసుకునేదాన్ని. ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు పొద్దున నాన్న షర్టు గుండీలు పెట్టుకుంటూ నన్ను చూసి, "ఏటమ్మా, బడికి సెలవులేటి?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధాలు చెప్పడం అంత తేలికని అప్పుడే తెలిసిందేమో నాకు.

నాన్న పని కోసం మా ఇంట్లో ఫోన్ పెట్టించారు. ఎర్ర రంగుది. ఆ గల్లీలో అప్పటికి ఇంకెవరి ఇంట్లోనూ ఫోన్ లేదు. సైట్ల నుంచి ఎవరైనా చేస్తే నేను ఎత్తి, చెప్పింది రాసిపెట్టాలి. "ఫోనొస్తే ఎత్తి రాసీమ్మా, మరిచిపోకు." రోజూ నాన్న గడప దాటుతూ అనే మాట అదే. నాతో ఆయన తప్పకుండా మాట్లాడే మాట కూడా అదే.

మా ఇంటికి ఐదిళ్ల అవతల నర్సింహులు మామ దుకాణం ఉండేది. మిలిటరీవాళ్ల యూనిఫారాలు కుట్టేవాడు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. ఆయన భార్య బాలమణమ్మ. వాళ్లకు ఒక్కతే కూతురు స్వరూప, డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్న అక్కడ ప్యాంట్లు కుట్టించుకున్నప్పుడు నర్సింహులు మామ అడిగాడట, "సారూ, మా బామ్మర్ది సిద్దిపేటల ఉంటడు. అర్జంటయితే జెర మీ నంబర్‌కు చెయ్యమని చెప్పాల్నా?" అని. నాన్న ఏదో ఆలోచనలో ఉండి, "ఇచ్చీండి, పిల్ల ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాది" అన్నాడట. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

ఒక సాయంత్రం ఫోన్ మోగింది. అవతల గొంతు తొందరగా చెప్పింది, "మా బావ నర్సింహులుకు చెప్పు బిడ్డా, చెల్లెకు కొడుకు పుట్టిండని. ఇద్దరు మంచిగున్నరు." ఫోన్ పెట్టేసి మెట్లు దిగి పరుగెత్తాను. ఆ గల్లీలో నేను పరుగెత్తడం అదే మొదటిసారి. దుకాణం ముందు నిలబడి ఆయాసపడుతూ, చెప్పాల్సింది చెప్పాల్సినట్టే చెప్పాను. "చెల్లెకు కొడుకు పుట్టిండు. ఇద్దరు మంచిగున్నరు." నా నోట్లోంచి ఆ యాస అట్లాగే వచ్చేసరికి లోపలి నుంచి స్వరూపక్క పకపకా నవ్వింది. బాలమణమ్మ పిడికెడు చక్కెర తెచ్చి నా నోట్లో పోసింది. తర్వాత నా తల నిమరబోయి ఆగింది.

"అవ్వో, గిన్ని పేన్లేందే నీ తలల? మీయమ్మ చూస్తలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బాలమణమ్మ ఇంకేమీ అడగలేదు. గడప మీద కూర్చోబెట్టి, దువ్వెన తెప్పించి, చీకటి పడే దాకా దువ్వింది. వచ్చేపోయేవాళ్లు ఆగి మాట్లాడి వెళ్తున్నారు. పేలు చూపించుకుంటూ నేను ఒక ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చున్నాను. అంతసేపు నన్నెవరూ ముట్టుకుని ఎరగరు.

తర్వాత నెల తిరక్కుండానే మా నంబర్ గల్లీ మొత్తానికి పాకింది. ఫోన్ లేనివాళ్లు తెలిసినవాళ్ల ఇంటి నంబర్ ఇచ్చి, దాన్ని పీపీ నంబర్ అనేవారు, మీకు గుర్తుంటే. నేను ఇరవై ఇళ్లకు పీపీని. బడి నుంచి రాగానే నా పని షురూ అయ్యేది. ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి పెట్టుకున్నాను. ఖాజాబీ చాచీ భర్త షార్జా నుంచి శుక్రవారం చేస్తాడు. నిమిషాలు ఖరీదు కాబట్టి ఆవిడ శుక్రవారం సాయంత్రం ముందే వచ్చి మా మెట్ల మీద కూర్చునేది, నాకు డబ్బాలో సేమియా తెచ్చేది. పక్కవీధి పెద్దాయన ఒకరు ఫోన్‌లో ఎంత గట్టిగా అరిచేవాడంటే, తీగ లేకపోయినా కరీంనగర్‌కు వినబడేది. పెళ్లి కుదిరిన ఒక అమ్మాయికి కాబోయేవాడు చేస్తే, నన్ను "మెట్లు ఎన్నున్నయో లెక్కపెట్టి రాపో" అని పంపేది. పదహారు మెట్లు. రోజూ పదహారే. చెడ్డ కబురు వస్తే గల్లీలో అరవకూడదని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. "ఊరి నుంచి ఫోన్, ఒక్కసారి రండి" అని మెల్లగా చెప్పేదాన్ని. వాళ్లు మాట్లాడుతుంటే గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని.

నేను లేకపోతే ఆ గల్లీకి కబుర్లు రావు. ఆ మాట తల్చుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. జ్వరమొచ్చినా మూడు రోజులు ఎవరూ గమనించని పిల్ల, ఒక పూట కనబడకపోతే ఇరవై ఇళ్లవాళ్లు మేడ ఎక్కి వచ్చి అడుగుతున్నారు. మీరైతే ఏమయ్యేవారో తెలియదు గానీ, నేను మాత్రం నేల మీద లేను.

అందరిలోకీ స్వరూపక్క వేరు. ఆమె నాకు జడలు వేసేది. బూట్లు చూసి నాన్న దగ్గరకు స్వయంగా వెళ్లి, "అంకుల్, పిల్లకు బూట్లు పడ్తలేవు" అని చెప్పి కొనిపించింది. నా సంతకాల సంగతి కనిపెట్టి కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత చెవి మెలేసింది. డిగ్రీ అయ్యాక అమీర్‌పేట వెళ్లి కంప్యూటర్ కోర్సు చేసింది. రోజూ బస్సులో నిలబడి రెండు గంటలు. తిరిగొచ్చి దుకాణం మెట్టు మీద కూర్చుని తండ్రికి సాయంగా యూనిఫారాలకు గుండీలు కుడుతూ, ఇంగ్లీషు వాక్యాలు గట్టిగా చదివేది. నేను పక్కన కూర్చుని తిరిగి చదివేదాన్ని. వాక్యం అర్థమయినా కాకపోయినా ఇద్దరం ఒకే శ్రుతిలో చదివేవాళ్లం.

ఒక కంపెనీలో పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు వెళ్లొచ్చింది. వాళ్లకు మా నంబరే ఇచ్చింది. ఆ రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"చూడు చిన్నీ, ఫోన్ వస్తే ఇంగ్లీషుల మాట్లాడ్తరు. భయపడకు. 'హోల్డాన్ ప్లీజ్' అనాలె. అని, నాకు చెప్పనీకి ఉరుకాలె. ఇంక నువ్వే నా సెక్రటరీవి."

మూడు రోజులు నేను 'హోల్డాన్ ప్లీజ్' అద్దం ముందు అభ్యాసం చేశాను.

ఆ శనివారం, ఆదివారం అమ్మానాన్నలు అన్నయ్య హాస్టల్‌కు వెళ్లారు. నన్ను స్వరూపక్క వాళ్లింట్లో ఉంచారు. అప్పటి దాకా నా బతుకులో అంత మంచి రోజులు లేవు. నర్సింహులు మామ మిగిలిన ఆకుపచ్చ గుడ్డతో నాకో చేతి సంచీ కుట్టి ఇచ్చాడు. బాలమణమ్మ సర్వపిండి చేసి, మాడిన అంచులు నాకిష్టమని తెలుసుకుని అవన్నీ నాకే పెట్టింది. వాళ్లింటికి వచ్చిన చుట్టమొకావిడ "ఈ పిల్ల ఎవరు?" అని అడిగితే, బాలమణమ్మ ఏమాత్రం ఆలోచించకుండా "మా చిన్నపోరి" అంది. నేను విననట్టు నటించాను. సోమవారం బడిలో ఆ మాటే తిరుగుతూ ఉంది చెవుల్లో.

ఫోన్ మంగళవారం వచ్చింది. సాయంత్రం నాలుగు దాటింది. ఇప్పుడు చెప్పబోయేది ఎన్నిసార్లు లోపల చెప్పుకున్నానో లెక్కలేదు. ఒక్క అక్షరం మారలేదు.

"హలో, స్వరూపారాణి గారి నంబరేనా?" ఒక ఆడగొంతు, చాలా మర్యాదగా.

"అవునండీ. హోల్డాన్ ప్లీజ్" అన్నాను. కానీ ఫోన్ కింద పెట్టే ముందు ఆశ ఆగక అడిగాను, "ఉద్యోగం వచ్చిందా అండీ?"

ఆవిడ నవ్వింది. "వచ్చింది. మండే జాయిన్ అవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్స్ తీసుకుని రేపు ఒకసారి ఆఫీసుకు రావాలి. ఆరు నెలలు బెంగళూరులో ట్రైనింగ్. తర్వాత ఎక్కడ వేస్తామో ఇప్పుడే చెప్పలేం. పిలుస్తావా?"

రిసీవర్ బల్ల మీద పెట్టాను. బయటికి వచ్చాను. మెట్ల పైనుంచి చూస్తే దుకాణం కనబడుతుంది. స్వరూపక్క మెట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో యూనిఫారం చొక్కా. నోట్లో దారం కొస. ఎవరితోనో ఏదో అని నవ్వుతోంది. ఒక్క కేక వేస్తే చాలు. పదహారు మెట్లు, ఐదిళ్లు. ఎన్నోసార్లు దిగిన మెట్లు.

దిగలేదు. లోపలికి వచ్చి రిసీవర్ ఎత్తాను.

"అక్క లేదండీ."

"ఎప్పుడొస్తారు?"

"రాదండీ. అక్కకు పెళ్లయిపోయింది. అత్తగారి ఊరికి వెళ్లిపోయింది. ఉద్యోగం చెయ్యనంది."

"అలాగా. మొన్న వచ్చినప్పుడు చెప్పలేదే. నువ్వెవరమ్మా?"

"చెల్లెల్నండీ."

"సరే. అక్కకు మా అందరి తరఫున కంగ్రాట్స్ చెప్పు."

ఫోన్ పెట్టేశారు. నేను కూడా పెట్టేశాను.

పన్నెండేళ్లు నాకు అప్పటికి. చిన్నపిల్లవని మీరు అనవచ్చు. నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ పన్నెండేళ్ల పిల్లకు ఇరవై ఇళ్ల కబుర్లు నమ్మి అప్పజెప్పారు కదా? ఎవరికి మెల్లగా చెప్పాలో, ఎవరికి పరుగెత్తి చెప్పాలో తెలిసిన పిల్లకు ఇది తెలియదా? తెలుసు. మెట్ల పైన నిలబడి చూసి, తిరిగి వచ్చి చెప్పాను. తొందరలో జారిన మాట కాదు.

మర్నాటి నుంచి అక్క అడిగేది. "ఫోన్ ఏమన్న వచ్చిందా చిన్నీ?" రాలేదనేదాన్ని. వారం పోయింది. రెండు వారాలు పోయాయి. ఆమెతో పాటు పరీక్ష రాసిన స్నేహితురాలికి వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. నెల దాటాక అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఆ కంపెనీకి చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఎవరో ఎత్తి, లిస్టు ఎప్పుడో అయిపోయిందని చెప్పి పెట్టేశారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. బూత్ బయటికి వచ్చి అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"నా ఇంగ్లీషు సక్కగ లేదు చిన్నీ. ఇంటర్వ్యూల రెండు మాటలకాడ ఆగిన. గందుకే తీసుకోలే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ క్షణానికి ఇంకా ఆలస్యం కాలేదేమో. కానీ నేను ఆమె చెయ్యి నా భుజం మీద ఉందని మాత్రమే ఆలోచించాను. తర్వాత ఒక ఏడాది కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించాయి, ఆ స్నేహితురాలు కూడా ఇంటికి వచ్చేసింది. ఆమె వచ్చేసిందని విని లోలోపల ఎంత సంబరపడ్డానో. చూశారా, నేను చేసింది మంచికే అయిందని. ఇంకొకరి ఉద్యోగం పోతే నా తప్పు చిన్నదవుతుందని సంబరపడిన మనిషిని మీరేమంటారు?

స్వరూపక్క దిగులుగా కూర్చునే రకం కాదు. నెల రోజులు తక్కువ మాట్లాడింది. ఒక రోజు దుకాణం గోడకు నల్లరంగు వేయించి బోర్డు చేసింది. "నేను ఆగినకాడ మన పోరగాళ్లు ఆగొద్దు" అని, గల్లీ పిల్లలకు సాయంత్రం ఇంగ్లీషు చెప్పడం షురూ చేసింది. ఏడుగురం. కుట్టుమిషన్ చప్పుడు ఒక పక్క, మా చదువు ఒక పక్క. నర్సింహులు మామ కుడుతూ కుడుతూ మా వాక్యాలు తనూ అనేవాడు, తప్పు చెప్పినవాడి మీదికి గుడ్డముక్క విసిరేవాడు. ఏడాది తిరిగేసరికి చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పే పని నాకిచ్చింది. ఇళ్లల్లో ఫోన్లు వచ్చాయి, తర్వాత జేబుల్లోకి వచ్చాయి, మా ఎర్ర ఫోన్‌ను అడిగేవాళ్లు లేకుండా పోయారు. నాకు చింత కలగలేదు. సాయంత్రం ఐదు గంటలకు నా కోసం పదిమంది పిల్లలు పలకలతో ఎదురుచూసేవారు. పలకలు తుడవడానికి ఉమ్మి వాడకూడదని వాళ్లకు నేర్పడానికే నాకు ఆరు నెలలు పట్టింది.

అక్క పెళ్లి కూడా ఆ గల్లీలోనే అయింది, తండ్రి కుట్టుమిషన్ బాగుచేయడానికి వచ్చే మనిషితో. పెళ్లిలో అమ్మ సెలవు పెట్టి వచ్చి పప్పు వడ్డించింది. అప్పటికి మా ఇంట్లోవాళ్లు కూడా ఆ గల్లీవాళ్లయ్యారు, నా వెనకాల నడిచొచ్చి. ఒకసారి నాన్న నన్ను చూస్తూ అన్నాడు, "నువ్వు మా దగ్గర కన్నా ఆళ్ల దగ్గరే పెరిగీసావమ్మా." అందులో నొప్పి ఉంది. కృతజ్ఞత కూడా ఉంది.

ఇప్పుడు ఆ ట్యూషన్ దుకాణం పైన రెండు గదుల్లో నడుస్తోంది. అక్కడ చదివినవాళ్లు బ్యాంకుల్లో ఉన్నారు, ఆస్పత్రుల్లో ఉన్నారు, కంపెనీల్లో ఉన్నారు. నేనూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాను. నా ఇంటర్వ్యూలో నేను ఎక్కడా ఆగలేదు. ఆమె నేర్పిన ఇంగ్లీషు. ఆమెకు దక్కకుండా చేసిన ఉద్యోగంలాంటిదే ఉద్యోగం. ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగింది. ఆగినా రాశాను.

నేరేడ్‌మెట్‌లో ఉంటాను. ఆదివారాలు బస్సెక్కి వెళ్లి అక్కడ పాఠం చెబుతాను. ప్రతి సంవత్సరం కొత్త పిల్లలు వచ్చినప్పుడు అక్క వాళ్లకు తన కథ చెబుతుంది. "నేను ఇంటర్వ్యూల ఇంగ్లీషు రాక ఫెయిలైన. ఫెయిలైతే ఏమైతది? ఏం కాదు. ఇట్ల మీ ముందల నిలబడ్త." పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి చప్పట్లు కొడతాను. ప్రతి సంవత్సరం. ఎన్ని సంవత్సరాలు.

మొన్న జూన్‌లో ఆ మాటలయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. తొమ్మిదో తరగతి. చురుకైనది. "మేడం ఇంగ్లీషు ఇంత మంచిగ మాట్లాడ్తరు గదా, అప్పుడెట్ల ఫెయిలైన్రు?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. అక్క సంతోషంగా ఉంది కదా, నలుగురికి ఉపయోగపడింది కదా, అదంతా నా వల్లే జరిగింది కదా అని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పుకోలేదు. ఆమె తెలివి మీద ఆమెకు ఒక తప్పుడు తీర్పు ఇచ్చి, దాన్ని జీవితమంతా మోయించాను. చిరునవ్వుతో మోసింది కాబట్టి బరువు లేదనుకున్నాను.

తర్వాతి ఆదివారం గంట ముందే వెళ్లాను. అక్క పైగదిలో ఒక్కతే ఉంది. పిల్లల డిక్టేషన్లు దిద్దుతూ, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క బుగ్గన పెట్టుకుని ఉంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఫోన్ వచ్చింది, ఇలా అడిగారు, ఇలా అన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్క పెన్ను కింద పెట్టింది. నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"అంటే... నేను పాసైననా?"

"పాసయ్యావక్కా."

"ఇంగ్లీషుల సుత?"

"అన్నిటిలో."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు పోతావని."

అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు. మిగిలింది ఆమె ముఖం చూస్తూ చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. ఆ రోజు ఫోన్‌లో "చెల్లెల్నండీ" అన్నప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. నేనెవరినని ఒకరు అడగడం, నేను ఆ జవాబు చెప్పడం, అవతలి మనిషి నమ్మడం. ఆ ఒక్క మాట కోసం మిగిలిన అబద్ధాలన్నీ చెప్పినట్టున్నాను. ఫోన్ పెట్టేశాక గదిలో ఒక్కదాన్నే ఆ మాటను మళ్లీ అనుకున్నాను, రుచి చూసినట్టు. నా తప్పులో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఇదే. ఇన్నేళ్లూ దాచింది అసలు ఫోన్ సంగతి కాదు, ఈ సంతోషం.

కింద పిల్లల చెప్పుల చప్పుడు వినబడింది. అక్క లేచింది. చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యాల అందరికీ నువ్వే చెప్పు. నాకు మాట్లాడబుద్ధైతలేదు."

మిద్దె మీదికి వెళ్లిపోయింది. రెండు బ్యాచ్‌లను ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఆరో తరగతివాడొకడు 'ఐ యామ్ మ్యారీడ్' అని రాసి, వర్రీడ్ అని రాయబోయానని చెబితే గది గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగాను. పైన మిద్దె మీద అడుగుల చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు. పాఠం అయ్యాక కాసేపు మెట్ల దగ్గర ఆగాను. అక్క దిగి రాలేదు. నేను పిలవలేదు. తాళంచెవి బాలమణమ్మకు ఇచ్చి వచ్చేశాను.

ఆమె క్షమించానని అనలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. తర్వాతి ఆదివారం వెళ్తే ఆమె నాకు పని అప్పజెప్పింది, పాఠం గురించి తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా అంతే. ఈ ఆదివారం ఎలా ఉంటుందో తెలియదు. వెళ్తాను.

కానీ ఒకటి చెప్పాలి. చెప్పిన రోజు సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ప్రయాణంలో నాకు ఎప్పుడూ నిద్ర పట్టదు. ఆ రోజు కూర్చున్నదే గుర్తుంది. నేరేడ్‌మెట్ ఎప్పుడు దాటిందో తెలియదు. కండక్టర్ సీటు మీద తట్టి, "మేడం, లాస్ట్ స్టాప్. దిగాలె" అన్నాడు. చూస్తే కాప్రా. ఎండ ఇంకా ఉంది. చెరువు వైపు నుంచి గాలి వస్తోంది. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, ఆటో ఎక్కకుండా వెనక్కి నడక మొదలుపెట్టాను.